నొప్పి తెలిసిన చేతులు

“ఇక ఇంటికి తీసుకెళ్లండి” అని పెద్దాసుపత్రి చేతులెత్తేశాక మొదలవుతుంది హాస్పిస్ నర్సు పని. హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట చూడాలి ఆ పనితనం. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే నడుం కింద పుండు పడుతుంది. ఎండిన పెదాలను తడిదూదితో అద్దాలి. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి తిరగబెట్టకముందే పడాలి. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందూ ఇవ్వాలి. “మార్ఫిన్ అలవాటైపోతుందేమో సిస్టర్” అని కొడుకు భయపడితే విసుక్కోకుండా నచ్చజెప్పాలి. నన్నడిగితే అన్నిటికన్నా కష్టమైన పని అదే. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక మార్ఫిన్ దొరకడం కొంత సులువైంది, కానీ చాలా ఊళ్లకు ఇంకా చేరలేదు. మీ ఇంట్లో ఇలాంటి అవసరం వస్తే చివరి వారం దాకా ఆగకండి, ముందే హాస్పిస్ వాళ్లకు కబురు పెట్టండి.