గడిలో పట్టిన చెరువు

మాదాపూర్ అక్షాంశం 17.4 చిల్లర, రేఖాంశం 78.4 దరిదాపు. ఆ రెండింటినీ తారుమారు చేసి రాస్తే మాదాపూర్ ఉత్తర ధ్రువం చేరువలో, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. ప్రోగ్రామ్ మాత్రం కిక్కురుమనదు. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లకు ఈ బెడద లేదు. వాళ్ల రేఖాంశం మైనస్ 122. అక్షాంశం 90 దాటదు కాబట్టి, అంకెల్ని సరిచూసే సాఫ్ట్‌వేర్ ఏదైనా అక్కడే ఆపేస్తుంది. మన దేశంలో అస్సాం వైపో, అండమాన్‌కో పోతే తప్ప రేఖాంశం 90 దాటదు. అందుకే మన దగ్గర ఈ పొరపాటు చప్పుడు చేయదు.

"లాట్‌కొకటి, లాంగ్‌కొకటి, రెండు కాలమ్స్ ఉన్నయ్ గదన్నా, మళ్ల కొత్త టైప్ ఎందుకు?" అని, భౌగోళిక ఆకారాల కోసం డేటా టేబుళ్లలోకి వచ్చిన కొత్త టైప్ గురించి చెబుతుంటే మా టీమ్ కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. రాయదుర్గం మెట్రో దగ్గర ఆగిన క్యాబ్‌కు ఆ రెండూ చాలు. కానీ దుర్గం చెరువు చుక్క కాదు. గట్టు వంపులన్నీ పట్టుకుంటే వందల మూలలున్న పాలిగన్ అవుతుంది. ఇన్నాళ్లూ దాన్ని టేబుల్‌లో పెట్టాలంటే పొడవాటి టెక్స్ట్‌గానో, బైట్ల ముద్దగానో ఒక గడిలో కుక్కేవాళ్లం. అది చెరువని టేబుల్‌కు తెలిసేది కాదు.

తెలియకపోతే ఏమవుతుందంటే, ఐస్‌బర్గ్ లాంటి టేబుల్ ఫార్మాట్ ప్రతి డేటా ఫైలుకూ, ఒక్కో కాలమ్‌లో అతి చిన్న విలువ ఏది, అతి పెద్దది ఏది అని విడిగా రాసిపెట్టుకుంటుంది. ఫలానా తేదీ అడిగితే, ఆ తేదీ ఉండే వీల్లేని ఫైళ్లను తెరవకుండానే వదిలేస్తుంది. మరి టెక్స్ట్‌గా రాసిన చెరువుల్లో అతి చిన్నది ఏది? అక్షరక్రమంలో ముందొచ్చేది! ఆ సమాచారంతో ఏ ఫైలునూ వదలలేం, అన్నీ తెరవాల్సిందే. 2025లో ఖరారైన ఐస్‌బర్గ్ మూడో వెర్షన్‌లో జామెట్రీ, జియోగ్రఫీ అనే రెండు రకాలు చేరాయి. ఇప్పుడు ఫైల్లోని ఆకారాలన్నీ ఇమిడే దీర్ఘచతురస్రపు హద్దుల్ని నమోదు చేసుకోవచ్చు. అడిగిన చోటు ఆ హద్దులకు తగలకపోతే ఫైలు జోలికే పోనక్కర్లేదు. పార్కే ఫైల్ ఫార్మాట్‌లోకీ ఆ ఏడాదే ఈ రకాలు వచ్చాయి. పోస్ట్‌జీఐఎస్ 2001 నుంచీ డేటాబేస్‌లో ఆకారాల్ని ఆకారాలుగానే దాస్తోంది. ఓపెన్ టేబుల్ ఫార్మాట్లకు ఆ బుద్ధి ఆలస్యంగా పుట్టింది.

అయితే టైప్ మార్చగానే క్వెరీ పరుగెత్తదు. క్యాబ్ ట్రిప్పుల్ని వచ్చిన వరుసలో రాసుకుంటూ పోతే ఒక్క ఫైల్లోనే కూకట్‌పల్లి, ఎల్బీనగర్, శంషాబాద్ కలిసి, దీర్ఘచతురస్రం నగరమంత అవుతుంది. గచ్చిబౌలి అడిగినా ప్రతి ఫైలూ తగులుతుంది. దగ్గరి చోట్లు ఒకే ఫైల్లో పడేలా ముందే సర్ది రాయాలి. ఈ సంగతి అమ్మకాల ప్రెజెంటేషన్లలో వినపడదు.

జామెట్రీ, జియోగ్రఫీ అని రెండు రకాలెందుకంటే, రెండు ఊళ్ల మధ్య గీతను చదునైన కాగితం మీద గీయాలా, గోళం మీద గీయాలా అన్న తేడా కోసం. మన చెరువులకు మొదటిది చాలు.

నాకు వేగం కన్నా ముఖ్యంగా తోచింది వేరే ఉంది. కాలమ్‌తో పాటే కోఆర్డినేట్ సిస్టమ్ పేరూ ఉంటుంది. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం అన్న వరుస కూడా స్పెసిఫికేషన్‌లోనే ఖాయమైంది. ఎవరైనా తిరగేసి రాస్తే హద్దుల్లో 17, 78 చోట్లు మారి కనిపిస్తాయి, చూసే కన్నుంటే. ఇక కోఆర్డినేట్ సిస్టమ్ పేరు ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టిన దేశ సర్వేలో చేరడానికి జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చాడు. ఆయన 1830లో లెక్కగట్టిన భూమి ఆకారం మీదే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు తరాలపాటు నడిచాయి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84 అనే వేరే ఆకారం. పాత మ్యాపు అంకెల్ని మార్చకుండా దాని పక్కన పెడితే మన నగరంలో హద్దు వంద మీటర్లకు పైగా జరుగుతుంది. పది హెక్టార్లు దాటిన చెరువు చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ 30 మీటర్లే!

చెరువుల ఆక్రమణల్ని తొలగించే సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పాటైనప్పటి నుంచి ఆఫీసు కాఫీ మెషిన్ దగ్గర ఇదే మాట: "మా అపార్ట్‌మెంట్ ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) లోపలా, బయటా?" కంప్యూటర్‌కు అది చుక్క పాలిగన్‌లో ఉందా లేదా అన్న చిన్న లెక్క. జవాబు క్షణంలో వస్తుంది. పాలిగన్ ఎవరు కొలిచారు, ఏ ఏడాది కొలిచారు, చెరువు హద్దుల నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నది మాత్రం జామెట్రీ టైప్‌లో ఎక్కడా ఉండదు. ఆ మూడింటికీ మూడు కాలమ్స్ పెట్టమని మా కుర్రాడికి చెప్పాను. మామూలు టెక్స్ట్, డేట్ టైపులే కాబట్టి, వాటికి 2025 దాకా ఆగాల్సిన పనే లేదు.