యంత్రము పొరబడినప్పుడు: పదునెనిమిది సూత్రములపై ఒక విమర్శ

గడియారము తప్పు కాలము చూపినచో అది చెడిపోయినదందుము. బాగుచేయించిన పిదప మరల సరిగా నడచునని మన నమ్మకము. కృత్రిమ మేధతో పనిచేయు సాఫ్టువేరు సంగతి వేరు. అది చెడిపోకుండగనే తప్పులు చేయును. లెక్కలేనన్ని ఉదాహరణలనుండి పోలికలు నేర్చుకొని, వాటినిబట్టి ఊహించుటయే దాని పని. ఊహలు అన్నియు ఫలింపవు గదా! కావున ఇట్టి సాఫ్టువేరునకు రూపకల్పన చేయు డిజైనర్లు తెరపై మీటలను, రంగులను అమర్చి ఊరకుండజాలరు. యంత్రము పొరబడినప్పుడు దానిని వాడు మనిషి గతి యేమి? వారు ముందుగా ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్నకు సమాధానముగా 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన సలీమా అమెర్షీ, ఎరిక్ హార్విట్జ్ మొదలగు పరిశోధకులు 18 సూత్రములను ప్రకటించిరి. వేర్వేరు చోట్ల చెదరియున్న 150కి పైగా సలహాలను ప్రోగుచేసి, వడపోసి, 49 మంది డిజైన్ వృత్తిలోనివారిచేత 20 ప్రసిద్ధ ఉత్పత్తులపై పరీక్షింపజేసి వీటిని తేల్చిరి. సూత్రములు నాలుగు భాగములుగా ఉన్నవి: మొదటి పరిచయమున పాటింపవలసినవి, వాడుచున్నప్పటివి, యంత్రము పొరబడినప్పటివి, కాలక్రమమున పాటింపవలసినవి.

ఈ సూత్రముల విలువ తెలియుటకు అదే సంస్థ చేసిన పాత పని నొకదానిని చూడవచ్చును. ఆఫీస్ 97 సాఫ్టువేరులో కాగితములకు పెట్టు క్లిప్పు ఆకారమున ఒక బొమ్మ ఉండెడిది. ఉత్తరమునకు సంబోధన టైపు చేయగానే అది తెరపైకి వచ్చి, సాయము చేయుదునా యని అడిగెడిది. వలదన్నను మరియొకసారి అడుగక మానదు. జనము విసిగిరి. 2001లో ఆ బొమ్మను దానంతటది కనబడకుండ చేసిరి. 2007 నాటి ఆఫీసులో పూర్తిగా తొలగించిరి. సమయమెరిగి పలుకవలెనని 3వ సూత్రము, వలదన్న వెంటనే తప్పుకొనుట సులభము కావలెనని 8వ సూత్రము, సందేహమున్నచో పని తగ్గించుకొనవలెనని 10వ సూత్రము చెప్పుచున్నవి. ఆ బొమ్మ ఈ మూడింటిని ఉల్లంఘించినదే.

సూత్రము పాటించిన ఉదాహరణము కూడ ఉన్నది. 2018లో జీమెయిల్‌లో వాక్యములను తానే పూరించు సదుపాయము ప్రవేశపెట్టిరి. మదుపుదారును కలిసికొనబోవుచున్నానని ఇంగ్లీషులో వ్రాసినచో, ఆ మదుపుదారు పురుషుడే యైనట్లు అది తరువాతి వాక్యము సూచించుటను ఆ సంస్థ పరిశోధకుడొకడు గమనించెను. అందుచే స్త్రీపురుష భేదము తెలుపు సర్వనామములను సూచించుటయే మానిపించిరి. తెలియనిచోట యంత్రము మౌనము వహించుట మంచి రూపకల్పనయే.

ఇంతవరకు మెచ్చుకొనదగినదే. కాని 2వ సూత్రమువద్ద చిక్కున్నది. యంత్రము తన పనిని ఎంత చక్కగా చేయగలదో వాడువారికి స్పష్టపరుపవలెనని దాని భావము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట, అడిగినదానికెల్ల ధారాళముగా బదులిచ్చు యంత్రములు అందరికిని అందినవి. ఇవి ఒప్పును, తప్పును ఒకే ధోరణిలో చెప్పగలవు. దీనికి విరుగుడుగా తెర అడుగున, పొరపాట్లు ఉండవచ్చును, సరిచూచుకొనుడని చిన్న అక్షరములలో ఒక వాక్యము చేర్చుచున్నారు. సూత్రమును అక్షరశః పాటించినట్లే. కాని దాని ప్రయోజనము నెరవేరినదా? ఏ జవాబు నమ్మదగినదో ఆ వాక్యము చెప్పదు. పైగా యంత్రము మోయవలసిన భారమును మనిషి తలపై పెట్టుచున్నది.

ఈ భారము ఎవరిదను ప్రశ్న న్యాయస్థానమువంటి వేదికవరకు వెళ్లినది. కెనడాలో అవ్వ మరణింపగా ప్రయాణమైన ఒకనికి ఎయిర్ కెనడా వారి సంభాషణ యంత్రము, తగ్గింపు ధరకై ప్రయాణానంతరము కూడ దరఖాస్తు చేయవచ్చునని చెప్పెను. సంస్థ నియమము అందుకు భిన్నము. సరియైన నియమము అదే వెబ్‌సైటులో మరియొకచోట ఉన్నదని సంస్థ వాదించెను. బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదమును త్రోసిపుచ్చి, సంస్థయే పరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. ఒక పుటను మరియొక పుటతో ప్రయాణికుడు సరిచూచుకొనవలసిన పనియేమి అనునదే అచ్చటి ప్రశ్న.

విద్యార్థి విషయమున ఇది మరింత గట్టి ప్రశ్న. తెలియకనే గదా అతడు అడుగుచున్నాడు. తెలియనివాడు సరిచూచుట యెట్లు? యంత్రము ఒక పని ఏల చేసెనో తెలుపవలెనని 11వ సూత్రము చెప్పుచున్నది. దానిని 2వ సూత్రముతో జోడించి, జవాబు పక్కనే ఆధారము చూపవలెననియు, ఆధారము దొరకనప్పుడు ఆ మాట చెప్పవలెననియు కట్టడి చేసియుండిన బాగుండెడిది. పదునెనిమిదింటిని సమానముగా వరుసలో నిలుపుటచే, ఏది మీరినచో నష్టమెక్కువో తెలియకున్నది.

అయినను ఈ సూత్రములు తరగతి గదిలో చర్చింపదగినవే. ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఏదేని ఒక యంత్రమును పాఠ్యపుస్తకములోని ప్రశ్నయే అడిగించి, జవాబును పుస్తకముతో పోల్పించవచ్చును. తప్పు దొరకినచో, అది తప్పని తెరపై ఎచ్చటనైన సూచన ఉన్నదేమో వారినే వెదకమనవచ్చును.