గాలి తిని నడిచే లెక్క

డచ్ శిల్పి థియో యాన్సెన్ చేసే, సముద్రపు ఒడ్డున గాలికి నడిచే జంతువుల బొమ్మలకు మోటారు ఉండదు, బ్యాటరీ ఉండదు, చిప్పు అసలే ఉండదు. అయినా అవి కంప్యూటర్ పుణ్యమా అని పుట్టినవే.

కదిలే శిల్పానికి కంప్యూటర్ తగిలించడం కొత్తేమీ కాదు. యాన్సెన్ సొంత దేశం నెదర్లాండ్స్‌లోనే, ఐండ్‌హోవెన్‌లో, 1970లో ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ ‘సెన్‌స్టర్’ను నిలబెట్టాడు. మెల్లగా మాట్లాడితే మెడ సాచి దగ్గరికొచ్చేది, అరిస్తే వెనక్కి తగ్గేది. అయితే పక్కనున్న కంప్యూటర్ ఆపితే అది ఉత్త ఇనుము. యాన్సెన్ దారి దీనికి పూర్తిగా ఎదురు. ఆయన కంప్యూటర్‌ను ఒక్క పనికి వాడుకుని పక్కన పెట్టేశాడు.

ఆ పని, కాలు. క్రాంకు గుండ్రంగా తిరుగుతుంటే పాదం మాత్రం నేల మీద చదునుగా వెనక్కి జరగాలి, చటుక్కున లేచి ముందుకు రావాలి. నడుము ఎత్తు మారకూడదు. అడుగడుగునా ఒళ్లు పైకి లేపాల్సి వస్తే గాలి బలం అంతా దానికే సరిపోతుంది. ఇదంతా కుదరాలంటే పదకొండు కడ్డీల పొడవులు తేలాలి. ఒక్కోదానికి పదేసి కొలతలు అనుకున్నా పదివేల కోట్ల కాళ్లు! అన్నీ సరిచూస్తూ కూర్చుంటే తెమిలేది కాదు. అందుకని ఆయన పరిణామ సిద్ధాంతాన్ని అరువు తెచ్చుకున్నాడు. అటారీ కంప్యూటర్‌లో ఎడాపెడా 1500 కాళ్లు పుట్టించి, కోరిన గీతకు దగ్గరగా నడిచిన వందింటిని ఏరి, వాటి కొలతలు కలగలిపి మళ్లీ 1500 చేశాడు. రాత్రింబవళ్లు వారాల తరబడి అదే పని. చివరికి 38, 41.5, 39.3 అంటూ పదకొండు అంకెలు తేలాయి. వాటిలో అన్నిటికన్నా పొడవైనది 65.7. ఒక కడ్డీ 39.3, ఇంకొకటి 39.4. చేత్తో గీసేవాడెవడైనా ఆ రెంటినీ సమానం చేసేసేవాడు.

అంకెలు దొరికాక మిగిలింది పైపుల పని. ఇళ్లలో కరెంటు తీగలు లాగే పీవీసీ పైపులే ఎముకలు. చవక, తేలిక, వేడి చేస్తే చెప్పినట్టు వంగుతాయి. 1990లో మొదలైన ఈ పనిలో తొలి జంతువు నిలబడలేక వెల్లకిలా పడి కాళ్లాడించిందంతే. తర్వాతివి నడిచాయి. ఒకే ఇరుసుకు కాళ్లను వేర్వేరు కోణాల్లో బిగిస్తే ఎప్పుడూ కొన్ని పాదాలు ఇసుక మీదే ఉంటాయి.

నాకు అంతకన్నా అబ్బురం వాటి బుర్ర. రెక్కలు ఊగి పంపులతో గాలిని ఖాళీ నిమ్మసోడా సీసాల్లోకి కుక్కుతాయి. గాలి పడిపోయినప్పుడు ఆ నిల్వే తిండి. పైపులో పైపు జారే చిన్న కవాటం ఒకటుంది: గాలి వస్తే ఇవ్వదు, రాకపోతే ఇస్తుంది. కంప్యూటర్ లోపల ‘నాట్ గేటు’ చేసేది సరిగ్గా ఇదే. ఇలాంటివి వరుసగా కలిపితే సున్నాలు, ఒకట్లతో అడుగులు లెక్కపెట్టే యంత్రం తయారు. నేలబారుగా వేలాడే గొట్టంలోకి నీళ్లు చేరితే, సముద్రం దగ్గరికొచ్చామని జంతువు వెనక్కి మళ్లుతుంది.

ఇవి కొత్త ప్రాణులే అంటాడాయన. ఆ మాట నాకు మింగుడుపడదు. మనిషి బాగుచేయందే ఒక్క వేసవీ గట్టెక్కవు. కానీ సంతానం మాటకొస్తే కాదనలేం. ఆ అంకెలను ఆయన దాచుకోలేదు. ఎన్నో దేశాల్లో విద్యార్థులు చెక్కతో, త్రీడీ ప్రింటర్‌తో ఈ కాళ్లు చేస్తున్నారు. మందపాటి అట్ట, గుండుసూదులున్నా చాలు. ఏదైనా ఒక కడ్డీ కాస్త కురచ చేసి క్రాంకు తిప్పండి, పాదం గీసే చదునైన గీత అప్పుడే వంకరపోతుంది.