తండా: కర్తా, కర్మా?

వాక్యం చేతికి రాగానే వ్యాకరణం పంతులు అడిగే మొదటి ప్రశ్న: ఇందులో కర్త ఎవరు? కథకూ కావ్యానికీ ఈ ప్రశ్న వేసే విమర్శకులు చట్టానికి వెయ్యటం అరుదు. కాని చట్టం కూడా రచనే. పైగా, నచ్చకపోతే మూసి పక్కన పెట్టటానికి వీల్లేని రచన. గిరిజనుల గురించి ప్రభుత్వం రాసిన వాక్యాల్లో గిరిజనుడు కర్తగా వున్నాడా, కర్మగా వున్నాడా అన్నది నారాయణఖేడ్ లంబాడీ తండాల పక్షాన నిలబడి పరిశీలించటం ఈ వ్యాసం పని.

నారాయణఖేడ్ 1956 దాకా బీదరు జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో వుంది. పక్కనే కర్ణాటక, కొంచెం దూరాన మహారాష్ట్ర. లంబాడీలు ఇక్కడ షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. మాట్లాడే భాష ఒకటే. పొలిమేర దాటితే పేరు మారుతుంది. తెలంగాణాలో వారిని తెగగా గుర్తించింది 1976 నాటి సవరణ చట్టం. ఆంధ్ర ప్రాంతంలో ఆ గుర్తింపు అంతకుముందే వుంది. దీనిమీద గోండులకూ లంబాడీలకూ నడుస్తున్న వివాదం వేరే చర్చించవలసినది. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే: "మీరెవరు?" అన్న ప్రశ్నకు సైతం జవాబు రాసింది వారు కాదు.

రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కొన్ని ప్రాంతాలకే వర్తిస్తుంది. పాత మెదక్ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. గనక గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పీసా చట్టం నారాయణఖేడ్ తండా గడప తొక్కదు. తొక్కిన చోట సైతం దాని క్రియాపదం చూడండి. భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలన్నది. సంప్రదించేవాడు అధికారి, సంప్రదించబడేది గూడెం. గూడెం కాదన్నా సంప్రదింపు పూర్తయినట్టే! 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో దీన్ని సమ్మతిగా పెంచింది. ఒక్క మాట మారటానికి పదిహేడేళ్ళు పట్టింది. ఆ మారిన మాట కూడా నారాయణఖేడ్ పొలిమేర అవతలే ఆగింది.

షెడ్యూలు బయటి తండాల గతి ఏమిటో లగచర్ల చెప్పింది. 2024లో వికారాబాదు జిల్లాలోని ఆ ఊరి చుట్టుపక్కల తండాల రైతులు ఔషధ పరిశ్రమకు భూములివ్వమన్నారు. నవంబరులో అభిప్రాయ సేకరణ రోజున ఘర్షణ జరిగింది, అరెస్టులయ్యాయి. నెలాఖరుకు ప్రభుత్వం ఆ నోటిఫికేషను ఉపసంహరించుకుని, పారిశ్రామిక పార్కు పేరిట మరొకటి తెచ్చింది. ఇది మన ఒక్కరి గొడవ కాదు. ఆస్ట్రేలియాలో ఆదివాసులకు పార్లమెంటుకు సలహా చెప్పే వేదికనైనా రాజ్యాంగంలో చేర్చుదామని 2023 అక్టోబరు 14న ప్రజాభిప్రాయం కోరితే అదీ వీగిపోయింది.

అయితే ఊరే చివరిమాట చెప్పిన సందర్భం లేకపోలేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి ఒడిశాలోని నియమగిరి కొండల్లో పన్నెండు పల్లెసభలు జరిగాయి. జిల్లా జడ్జి సమక్షంలో, ఆ పల్లెల్లోనే. పన్నెండు సభలూ బాక్సైటు గని వద్దన్నాయి. 2014లో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ ప్రశ్న ప్రజల ముంగిట్లోకి వచ్చింది. కాదన్న జవాబుకు విలువ వుంది. ఈ రెండూ వున్నచోటే తండా కర్త అవుతుంది.

ఇక 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం. దీన్ని తేలిక చేసి మాట్లాడటం అన్యాయం. అంతవరకు తండా పెద్దవూరికి శివారు. నల్లా అయినా, వీధి దీపమయినా పెద్దవూరి తర్వాతే. "మా తండాలో మా రాజ్యం" అని లంబాడీలు ఏళ్ళ తరబడి కోరినదాని ఫలితమిది. 2019 జనవరి ఎన్నికల్లో తండా బిడ్డలు తమ తండాకే సర్పంచులయ్యారు.

కాని ఆ చట్టాన్నే మళ్ళీ చదవండి. సర్పంచిని సస్పెండు చేసే అధికారం కలెక్టరుది. నాటిన మొక్కల్లో నూటికి ఎనభై అయిదు బతక్కపోతే పదవికే ముప్పు. నర్సరీ, డంపింగు యార్డు, వైకుంఠధామం, ట్రాక్టరు — పంచాయతీలన్నిటికీ ఒకే జాబితా పైనుంచి దిగింది. అవి చెడ్డవని కాదు. ఏది ముందు, ఏది వెనుక అని తండాను అడగలేదని. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిశాక, 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే పాలించారు. "మా రాజ్యం"లో సుమారు రెండేళ్ళు రాజు సర్కారు ఉద్యోగే.

అన్నిటికంటె పెద్ద లోపం కాగితం మీద కనిపించదు. గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలి. కాని దసరా, దీపావళి దాటగానే నారాయణఖేడ్ తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే చెరుకు నరకటానికి పోతాయి. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు తీరాలి గదా. తిరిగి వచ్చేది వేసవికి. ఆ నెలల్లో సభ జరిగితే వినేది ముసలివాళ్ళు. తీర్మానం తెలుగులో వుంటుంది. ఇంట్లో లంబాడీ తప్ప మాట్లాడని అవ్వ వేలిముద్ర వేస్తుంది. నిర్ణయం తండాది అయింది! చట్టానికి హాజరు పట్టీ తెలుసు, అడ్వాన్సు చిట్టా తెలియదు. సభకు ఎవరు రాగలరో మేస్త్రీ నిర్ణయిస్తున్నంత కాలం, సభ ఏం నిర్ణయించినా అది సగం నిర్ణయమే.

ఇంతమాత్రాన పాత నాయక్ పంచాయితీని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ కట్టుబాటులో నాయకత్వం తరచు వంశపారంపర్యం. ఆడవాళ్ళ మాటకు చోటు స్వల్పం. సంప్రదాయమైనంత మాత్రాన ప్రజాస్వామ్యం కాదు. కాని అందులో నిలుపుకోవలసిన గుణం ఒకటుంది: వాదం తండా నడుమ, తండా భాషలో జరిగేది.

మరి మనమేం చేశాం? 1940లో కొమురం భీము చనిపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవటానికి హైమండార్ఫును నియమించింది. ఆయన కృషి వల్ల పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయింది. ఆ మేలు మరువరానిది. అయినా సర్కారు అడిగింది పండితుణ్ణి. అభ్యుదయ రచయితలం మనమూ తండా ఆకలి రాశాం, కన్నీళ్ళు రాశాం, తిరుగుబాటు రాశాం. కూర్చుని, తమలో తాము వాదించుకుని, పొరబడి, దిద్దుకుని నిర్ణయానికి వచ్చే తండాను ఎన్ని కథల్లో చూపాం? జాలి కూడా కర్మణి ప్రయోగమే.

కోరవలసినవి పెద్ద మాటలు కావు. షెడ్యూలు బయటి తండాలకు కూడా భూమి విషయంలో సంప్రదింపు కాక సమ్మతి హక్కు కావాలి. ముఖ్యమైన తీర్మానాలు వలస వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చాకే జరగాలి. ప్రతి తీర్మానమూ లంబాడీలో చదివి వినిపించాకే సంతకం అడగాలి. వీటికోసం పోరాడవలసింది తండా. తోడు నిలవవలసింది మనం. గ్రామసభ జరిగిన మర్నాడు తండా బడిపంతులు తీర్మానాల రిజిస్టరు తెరిపించి, పాఠంలో అడిగే ఆ మొదటి ప్రశ్నే అక్కడా అడగగలిగితే ఆ పని మొదలైనట్టే.