సెమీస్ దాకా

మా హెడ్మాస్టరు రిజిస్టర్లోంచి తల ఎత్తకుండానే అడిగారు, "ఏమాయె సార్, గెలిచిన్రా?" అని.

"సెమీస్ దాకా పోయినం సార్," అన్నాను.

ఆయన "మంచిది" అని మళ్ళీ సంతకాల్లో పడిపోయారు. నేను స్టాఫ్‌రూంకి వచ్చి కూర్చున్నాను కానీ నా నోటి నుంచి వచ్చిన ఆ "దాకా" నన్ను వదల్లేదు. మన భాషలో ఇంత మాయలమారి మాట ఇంకోటి లేదేమో. "మినిస్టర్ దాకా పోయొచ్చినం" అంటే గొప్ప చెప్పుకోవడం. "పెళ్ళి పీటల దాకా వచ్చింది" అంటే మాత్రం ఆ పెళ్ళి కాలేదని, వివరాలు అడగొద్దని. నోటి దాకా వచ్చిన ముద్దా అంతే, ఎవరూ తినలేదు. మరి సెమీస్ దాకా పోయిన జట్టు ఏ లెక్కలోకి వస్తుంది?

మాది గద్వాల నుంచి అయిజ పోయే దారిలో ఒక ఊరు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డ. ఇక్కడ ఆటంటే కబడ్డీ, ఆ తర్వాత క్రికెట్. నేను ఫుట్‌బాల్ పట్టుకోవడానికి పెద్ద కారణం ఏమీ లేదు. బ్యాటు, ప్యాడ్లు అక్కర్లేదు. ఒక్క బంతి ఉంటే ఇరవై మంది పిల్లలు గంటసేపు పరిగెత్తుతారు. పీఈటీగా చేరిన కొత్తలో చేసిన ఆ పిసినారి లెక్క ఇప్పుడు నా జీవితం అయిపోయింది.

చిక్కంతా కాలంతో. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు ఆగస్టు, సెప్టెంబర్‌లలో వస్తాయి. సరిగ్గా అప్పుడే మా దగ్గర సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ మొదలవుతుంది. తెలియని వాళ్ళకోసం చెప్తున్నా: మర్నాడు విచ్చుకోబోయే ఆడ చెట్టు మొగ్గను సాయంత్రమే గోటితో ఒలిచి, లోపల పుప్పొడి ఉండే భాగం తీసేసి, గుర్తుగా ఓ కాగితం తగిలిస్తారు. పొద్దున్నే మగ చెట్టు పూలు తెంపుకొచ్చి ఆ ఒలిచిన పువ్వుకు రుద్దుతారు. ప్రతి మొగ్గకూ ఇదే తంతు, రెండు మూడు నెలలపాటు రోజూ. పిల్లల పొడుగుకు, పిల్లల వేళ్ళకు సరిపోయే పని. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు. అయినా ఆ నెలల్లో నా హాజరు పట్టీ చూస్తే పళ్ళూడిన దువ్వెనలా ఉంటుంది.

సెమీస్ దాకా పోయిన ఆ ఏడు పదహారు మందితో జట్టు రాశాను. సెమీఫైనల్ పొద్దున బస్టాండుకు పన్నెండు మంది వచ్చారు. మిగతా నలుగురి సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆట గోల్ లేకుండా ముగిసింది. పెనాల్టీలు.

ఇక్కడ తప్పు నాది. మా లెఫ్ట్ వింగ్ పిల్లాడు జట్టు మొత్తంలో బంతిని అందరికన్నా బాగా కొడతాడు. వాణ్ణి ఐదో కిక్కుకు దాచిపెట్టాను. ఆఖరి దెబ్బ వీడు కొడితే పనైపోతుందని నా తెలివి. అవతలి వాళ్ళు నాలుగుకు నాలుగు కొట్టారు. మావాళ్ళు రెండు పోగొట్టారు. నాలుగు నాలుగు కిక్కులతోనే ఆట తెగిపోయింది. వాడు సెంటర్ లైను దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని అట్లే నిలబడ్డాడు. ఆటోలో ఊళ్ళోకి వస్తుంటే అడిగాడు: "నన్నెందుకు సార్ ఆఖరుకు పెట్టినారు?"

నా దగ్గర జవాబు లేదు. 2012 యూరో సెమీఫైనల్లో పోర్చుగల్ కూడా స్పెయిన్ మీద రొనాల్డోను ఐదో కిక్కుకు ఉంచుకుని, వాడి వంతు రాకుండానే ఓడిపోయిందని చెప్పొచ్చు. చెప్పలేదు. పదమూడేళ్ళ పిల్లాడికి అది ఓదార్పు కాదు, నాకు మాత్రం కొంచెం అయింది.

ఇంటికొచ్చాక మాత్రం, సెమీస్ దాకా పోవడం గెలుపా కాదా అన్న ప్రశ్న చిన్నది కాదనిపించింది. లీగ్ ఆటల్లో ఈ ఆఖరి దశను ప్లేఆఫ్స్ అంటారు. నెలల తరబడి అందరితో ఆడి, పట్టికలో పైనున్న కొన్ని జట్లు మళ్ళీ నాకౌట్ ఆడతాయి. ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదట నాలుగు జట్లకే ఆ అవకాశం ఉండేది. 2022-23 నుంచి ఆరు చేశారు. ఆ ఏడు లీగ్‌లో ఉన్నవి పదకొండు జట్లు. అంటే సగానికి పైగా ప్లేఆఫ్స్‌కు చేరినట్టే. క్లాసులో సగం మందికి ఫస్ట్ క్లాస్ ఇచ్చి ఇళ్ళకు స్వీట్లు పంపితే ఎట్లా ఉంటుంది? ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో అట్లా కాదు, ఇరవై నాలుగు జట్లలో మూడు నుంచి ఆరో స్థానం దాకా వచ్చినవి పైకి పోయే ఒక్క కుర్చీ కోసం ఏళ్ళ తరబడి కొట్టుకుంటూ వచ్చాయి. అక్కడ ఆరో స్థానానికి ఒక విలువుంది, ఎందుకంటే దాని వెనక ఒక తలుపుంది. మన శ్రీనిధి డెక్కన్‌ను అడగండి తలుపు విలువ. సూపర్ లీగ్ కిందనున్న ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానం. పైకి పోయింది మాత్రం రెండుసార్లూ మొదటి జట్టే.

అసలు కథ హైదరాబాద్ ఎఫ్‌సీది. 2019లో పుట్టిన ఈ క్లబ్బు మొదటి సీజన్లో అట్టడుగున నిలిచింది. రెండో సీజన్, 2020-21. కరోనా వల్ల ఆటలన్నీ గోవాలోనే. స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ కోచ్. ఇరవై ఆటల్లో ఓడినవి మూడంటే మూడు. కప్పు గెలిచిన ముంబయి సిటీ కూడా లీగ్‌లో నాలుగు ఓడింది. కానీ పదకొండు డ్రాలు. ఫిబ్రవరి 28న చివరి ఆటలో ఎఫ్‌సీ గోవా మీద గెలిస్తే ప్లేఆఫ్స్, లేకపోతే ఇంటికి. 0-0. ఐదో స్థానం. అప్పటి లెక్కలో నాలుగే లోపలికి. పేపర్లలో ఏం రాస్తారు? "ప్లేఆఫ్స్‌కు చేరని హైదరాబాద్" అనే. రాశారు.

మరుసటి ఏడు అదే కోచ్. గోల్‌కీపర్ కట్టిమని, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి, యాసిర్, జొవావ్ విక్టర్ అందరూ పాతవాళ్ళే. ముందు వరసలో స్ట్రైకర్ ఒగ్బెచె వచ్చి కలిశాడు, పద్దెనిమిది గోల్స్ కొట్టాడు. పట్టికలో రెండో స్థానం. పైనున్న జంషెడ్‌పూర్‌కు 43 పాయింట్లు, మనకు 38. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. ఒక గోల్ వెనకబడి, ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి లాగి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమని మూడు ఆపాడు. నర్జారీ కొట్టిన కిక్కుతో కప్పు మనది. నేను ఆ రాత్రి మా ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు.

ఆ తర్వాతి ఏడు, 2022-23లో, ఇంకా మెరుగు. 42 పాయింట్లు, మళ్ళీ రెండో స్థానం, ఈసారి గచ్చిబౌలిలో మన జనం ముందు ఆడి. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు ఆటలూ గోల్ లేకుండా పోయి, కలకత్తాలో పెనాల్టీల్లో 4-3తో ఓడింది. పాయింట్లు పెరిగాయి, ఫలితం తరిగింది. అదే ఆట, అదే పెనాల్టీలు. ఒక ఏడు ఛాంపియన్లు, ఇంకో ఏడు "సెమీస్ దాకా". అందుకే నాకు నాకౌట్ మీద గౌరవం తక్కువ. లీగ్ పట్టిక జట్టు చేసిన పని చెప్తుంది. నాకౌట్ ఆ రాత్రి ఎట్లుందో చెప్తుంది. (నా లెఫ్ట్ వింగ్ పిల్లాడి విషయంలో మాత్రం ఆ పూట నేనెట్లున్నానో చెప్పింది.)

మరి ఆ జట్టు ఏమైంది? ఒక్క ఏడాదిలో కరిగిపోయింది. మనోలో గోవాకు వెళ్ళారు. 2023-24లో జీతాల బకాయిలు, ఫిఫా ఆంక్షలు. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే సంచి సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్ళతో ఆడి సీజన్ మొత్తంలో ఒకే ఒక్క ఆట గెలిచి అట్టడుగుకు చేరింది. ఆ తర్వాతి సీజన్లో పదమూడింట పన్నెండోది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇప్పుడు ప్లేఆఫ్స్ చేరడం విజయమా కాదా అని వాదించుకుందామన్నా మనకు ఆ లీగ్‌లో జట్టు లేదు.

ఈ నాలుగైదేళ్ళూ వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. ప్లేఆఫ్స్ చేరని 2020-21 ఆ క్లబ్బు బతుకులో మంచి ఏడు, ఎందుకంటే మరుసటి ఏడు అదే మనుషులు మళ్ళీ మైదానంలోకి దిగారు. ప్లేఆఫ్స్ చేరిన 2022-23 అంత మంచిది కాదు, దాని తర్వాత దిగడానికి పెద్దగా ఎవరూ మిగల్లేదు. జట్టు ఎక్కడ ఆగిందన్నది నేను తర్వాత చూస్తాను. మళ్ళీ ఎంతమంది వచ్చారన్నది ముందు చూస్తాను.

ఈ లెక్క నాది కాదు కూడా. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. పిల్లలకు అలవాటు లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు జరిపించేవారట. సిటీ పోలీస్ జట్టును పట్టుకుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చారు. ఆయన భారత జట్టును తీసుకుపోయిన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ చూడండి. మొదటి రౌండులో హంగరీ రాకపోవడంతో ఆడకుండానే ముందుకు. ఆస్ట్రేలియా మీద 4-2, నెవిల్ డిసౌజా మూడు గోల్స్. సెమీస్‌లో యుగోస్లావియా మీద ముందు గోల్ మనదే, చివరికి 4-1తో ఓటమి. కాంస్యం ఆటలో బల్గేరియా మీద 3-0 ఓటమి. కాగితం మీద ఒక్క గెలుపు, పతకం లేదు, నాలుగో స్థానం. అయినా ఆ నాలుగో స్థానాన్ని ఇప్పటికీ చెప్పుకుంటాం. కారణం ఆరేళ్ళ తర్వాత ఉంది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చిన జట్టులో మెల్‌బోర్న్ వెళ్ళిన తంగరాజ్, పీకే బెనర్జీ, మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నారు. కోచ్ రహీమే, అప్పటికే క్యాన్సర్‌తో. మరుసటి ఏడు జూన్‌లో పోయారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ మన ఇంటికి రాలేదు.

ఇదంతా ఒకరోజు మా గోల్‌కీపర్ తండ్రి దగ్గర చెప్పుకొచ్చాను. ఆయన మగ్గం మీద ఉన్నారు. గద్వాల చీర తెలిసిందే కదా, ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలును పట్టును పోగు పోగుకు మెలేసి కలిపేదే అసలు పని. ఆయన నా మాటలన్నీ విని, చేతి పని ఆపకుండానే అన్నారు: "చీర సగం నేసి ఆపితే సగం కూలిస్తరా సార్? సెమీస్ గిమీస్ మాకు తెల్వదు. కొంగు దిగితేనే చీర."

నిజమే, కాదనలేకపోయాను. ఆట చూసేవాళ్ళు కూలిచ్చే షావుకారు లాంటివాళ్ళే, చీర చేతికొస్తేనే డబ్బు. కానీ లేచి వస్తూ చూస్తే, ఆయన మగ్గం మీద ఇంకా బోలెడు పడుగు ఉంది. ఒక పడుగు మీద రెండు మూడు చీరలు దిగుతాయి. ఒక చీరలో ఏ పేటో తప్పిందని ఎవరూ పడుగు తెంపి పారేయరు. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే ఇంకో జవాబు చెప్పేవారు, నాకు ఆ పూట అంత ఓపిక లేదు.

మా లెఫ్ట్ వింగ్ పిల్లాడు ఆ ఓటమి తర్వాత పది రోజులు గ్రౌండుకు రాలేదు. నా మీద కోపమనుకున్నాను. ఇంటికి పోతే వాళ్ళమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "ఈ యేడు క్రాసింగ్‌కు కూలోళ్ళు దొరుకుతలేరు సార్. ఇంకో వారం అయితే పంపిస్త," అంది. గట్టిగా ఏమీ అనలేకపోయాను. చట్టం మాట ఎత్తినా లాభం లేదు, ఆమెకు తెలియక కాదు కదా. వారం కాదు, రెండు వారాలయ్యాక ఒక సాయంత్రం వాడే వచ్చాడు. బూట్లు లేవు. గోళ్ళ సందుల్లో ఇంకా పసుపుపచ్చ పుప్పొడి. బంతి తీసుకుని నేరుగా పెనాల్టీ చుక్క దగ్గర పెట్టి, గోల్‌లో ఎవరూ లేకపోయినా ఐదు కొట్టాడు. నాలుగు లోపలికి, ఒకటి పక్కనున్న వేపచెట్టుకు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. జోనల్ పోటీలకు జట్టు జాబితా గురువారం లోపు ఇవ్వాలి. పదహారు పేర్లు కావాలి. పన్నెండు రాశాను. పెనాల్టీల వరసలో వాడి పేరు మొదట రాసి పెట్టుకున్నాను. మిగతా నాలుగు ఇళ్ళకూ రేపు సాయంత్రం, చేలనుంచి జనం వచ్చే వేళకు పోవాలి.