నూనె నల్లబడక ముందే

నల్లచెరువు వైపు పల్లెల్లో ఎద్దులబండి కింద ఒక వెదురు గొట్టం వేలాడుతుండేది. అందులో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసుకునేవాళ్లు. ఆముదానికి సంతకు పోయే పని లేదు, చెనిక్కాయ చేలో సాళ్ల మధ్య వేసిన చెట్లే ఇచ్చేవి. బండి తోలేవాడు ఇరుసు చప్పుడు మారగానే దిగి, కందెనను వేలికి తీసుకుని నలిపి చూసేవాడు. జిగురు ఉందా? దుమ్ము కలిసిందా? ఇనుప రజను గరగరమంటోందా? కరణాల గురించి చెప్పబోయిన సుమతీ శతకకారుడికి కూడా ఇరుసూ కందెనే పోలికగా తోచాయి. అంత పాత చూపు ఇది. ఈనాటి టర్బైన్ నూనె పరీక్షశాల యంత్రాలతో అడిగేది కూడా ఆ మూడు ప్రశ్నలే. నాలుగోది ఒకటి చేరింది: నూనె తనంతట తాను ఎంత ముసలిదైంది?

కదిరి, ధర్మవరం దాటి రామగిరి వెళ్తే, ఒకప్పుడు బంగారం తవ్విన ఆ ప్రాంతంలో కొండల మీద గాలిమరలు కనిపిస్తాయి. 1990ల నుంచే అక్కడ గాలి కరెంటు పుడుతోంది. మెగావాట్ స్థాయి గాలిమరలో రెక్కలు నిమిషానికి 15, 20 చుట్లు తిరిగితే జనరేటర్ 1500 చుట్ల దాకా తిరగాలి. ఆ తేడాను మోసేది గేర్‌బాక్స్. అందులో చిక్కటి 320 గ్రేడు నూనె ఉంటుంది. ముద్దనూరు దగ్గర 1994లో మొదలైన రాయలసీమ థర్మల్ కేంద్రం సంగతి వేరు. అక్కడి ఆవిరి టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. అలాంటి టర్బైన్లకు 32 లేదా 46 గ్రేడు పల్చటి నూనె చాలు. ఈ అంకెలు 40 డిగ్రీల వేడిలో నూనె చిక్కదనాన్ని చెబుతాయి. టన్నుల బరువున్న షాఫ్టు బేరింగును తాకకుండా, వెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉండే నూనె పొర మీద తేలుతుంది. ఆ పొర చెదిరితే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది.

నూనె ఎందుకు పాడవుతుంది? వంటింట్లో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచితే నల్లబడి చిక్కబడుతుంది, కమురు వాసన వస్తుంది. టర్బైన్‌లో వాడేది ఖనిజ నూనె అయినా జరిగేది అదే: గాలిలోని ఆక్సిజన్ నూనె అణువులను కొరుకుతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. నీళ్లు, ఇనుము, రాగి చేరితే ఇంకా తొందరపెడతాయి. దీన్ని అడ్డుకోవడానికి నూనెలో ఫినాల్, అమీన్ జాతి రసాయనాలు కలుపుతారు. తాము ముందు కాలిపోయి నూనెను కాపాడతాయవి. కావలివాళ్లున్నంత కాలం నూనె చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. వాళ్లు అయిపోయిన రోజు నుంచి పతనం చాలా వేగంగా సాగుతుంది. అందుకే రంగు చూసి నమ్మకూడదని నేను గట్టిగా చెబుతాను. నల్లబడేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది.

ఆ కావలి ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష ఆర్‌పీవీఓటీ. కొంచెం నూనె, నీళ్లు, రాగి తీగచుట్ట ఒక పాత్రలో వేసి, ఆక్సిజన్ నింపి, 150 డిగ్రీల వేడిలో తిప్పుతారు. నూనె ఆక్సిజన్‌ను తాగడం మొదలుపెట్టి పీడనం పడిపోయేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్కిస్తారు. కొత్త నూనె నిమిషాల్లో నాలుగో వంతుకు దిగితే మార్పిడికి సిద్ధం కావాల్సిందే. ఆమ్లత చూడటం ఇంకో దారి. కొత్తనూనె కంటే 0.3, 0.4 పెరిగిందంటే లోపల పులుపు చేరినట్టు.

వార్నిష్ అనే జిగురు మరీ ప్రమాదకరం. చెడిన అణువులు కలిసి మెత్తటి రేణువులవుతాయి. వేడి నూనెలో కరిగే ఉంటాయి, చల్లటి చోట గోడకు అతుక్కుంటాయి. ఆవిరిని అదుపుచేసే సన్నటి వాల్వుల్లో ఆ పూత పేరుకుంటే వాల్వు బిగుసుకుపోయి యూనిట్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. దీన్ని పట్టడానికి నమూనాను ఒక రోజు 60 డిగ్రీలకు పైగా వేడిచేసి, 72 గంటలు చీకట్లో కదపకుండా ఉంచి, 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న తెల్లటి పొరగుండా వడకడతారు. పొర మీద మిగిలిన గోధుమరంగు ఎంత ముదిరిందో యంత్రం అంకెలో చెబుతుంది. 30 దాటితే కలవరపడాలి. ఆ మూడు రోజుల ఓపికే ఈ పరీక్షకు ప్రాణం. నమూనా రాగానే వడకడితే చాలా జిగురు కరిగే ఉండి తప్పించుకుంటుంది.

నీటిని మాత్రం ఎవరైనా కనిపెట్టవచ్చు. వేడి పెనం మీద చుక్క వేస్తే చిటపటమంటుంది. మన పోపు పరీక్షే. చిన్నచూపు చూడనక్కర్లేదు.

అయితే ఇన్ని యంత్రాలకూ ముందున్నది నమూనా తీసే చెయ్యి. చాలాచోట్ల ఆ పని కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగిస్తారు. నా దృష్టిలో అది అందరికంటే అనుభవం ఉన్నవాడి పని. యంత్రం నడుస్తుండగా, కాకపోతే ఆపిన వెంటనే, నూనె వేడిగా ఉండగానే తీయాలి. ఫిల్టర్‌కు ముందు, ప్రతిసారీ అదే చోటు నుంచి తీయాలి. ట్యాంకు అడుగున తీస్తే ఏళ్లనాటి మడ్డి వస్తుంది. కొళాయిలో నిలిచిన నూనెను ముందు వదిలేసి, ఆ తరవాతే సీసా పట్టాలి. గాలిమర పైన ఈదురుగాలిలో మూత తెరిచి ఉంచితే రామగిరి ఎర్రమట్టి కూడా అందులో పడుతుంది. అప్పుడు ల్యాబు సిలికాన్ ఎక్కువైందని చెబుతుంది. ఎక్కడో సీలు పోయిందని ఇక్కడ గేర్‌బాక్స్ విప్పుతారు.

ఒక్క నివేదికతో తీర్పు చెప్పకూడదు. ఇనుము 40 పీపీఎం ఉండటం తప్పా ఒప్పా అంటే జవాబు లేదు. ఆరు నెలల కిందట 38 ఉంటే నిశ్చింత, 12 ఉంటే ఎక్కడో పళ్లు అరుగుతున్నాయి. అమెరికాలో 1940లలో రైల్వేవాళ్లు డీజిల్ ఇంజన్ల నూనెలో లోహాలను వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ విద్య ఇలా పాత అంకెల పక్కన కొత్త అంకెను పెట్టి చదివేదే. మన డీజిల్ షెడ్లలోనూ ఇదే అలవాటు నడిచింది.

అందుకే సీసా మీద అతికించే చీటీ కూడా పరీక్షలో భాగమే. తేదీ, ఎన్ని గంటలు నడిచింది, ఎక్కడ తీశారు, మధ్యలో ఎంత కొత్త నూనె పోశారు. ఈ చివరిదాన్నే తరచూ రాయరు. పోయిన నెల రెండు వందల లీటర్లు పోశామన్న ఒక్క ముక్క చీటీలో లేకపోతే, ల్యాబులో కూర్చున్నవాడు తగ్గిన ఇనుమునూ పెరిగిన నిమిషాలనూ చూసి, యంత్రం కుదుటపడిందని రాసి పంపుతాడు.