ఇంగ్లిష్ టీచరుకు ఏ ఆన్‌లైన్ వేదిక?

ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ నేర్పే వేదికలు మూడు తరహాలు. మొదటిది కంపెనీ. విద్యార్థిని తెచ్చేది, పాఠం తయారుచేసేది, ఫీజు నిర్ణయించేది అదే. టీచరు గంటకింత అని తీసుకుని పాఠం చెబుతారు. రెండోది సంత. అక్కడ టీచర్లు తమ ధర తామే పెట్టుకుని కూర్చుంటారు, విద్యార్థులు వచ్చి ఎంచుకుంటారు, చోటిచ్చినందుకు వేదిక కమిషన్ పట్టుకుంటుంది. మూడోది టీచరు సొంతంగా నడుపుకునేది: జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో క్లాసు, వాట్సాప్‌లో గ్రూపు, యూపీఐలో ఫీజు. ఏది మంచిదని వెతికేవాళ్లు మొట్టమొదట చూసేది గంటకు ఎంత వస్తుందన్నదే. దానికంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. విద్యార్థి ఎవరి పేరు చూసి వస్తున్నాడు? ఏం నేర్పాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ధర పెట్టేది ఎవరు? రేపు ఆ వేదిక మూతపడితే టీచరు దగ్గర మిగిలేది ఏమిటి?

చివరి ప్రశ్న ఎంత బరువైనదో 2021లో చైనాలో తేలింది. బీజింగ్‌లో 2013లో మొదలైన వీఐపీకిడ్ కంపెనీ అమెరికా, కెనడా టీచర్లను చైనా పిల్లలతో వీడియోలో ముఖాముఖి కలిపింది. క్లాసు 25 నిమిషాలు. స్లైడ్లు, బొమ్మలు, ప్రశ్నలు అన్నీ కంపెనీయే సిద్ధం చేసి ఇచ్చేది కాబట్టి టీచరు ముందురోజు కూర్చుని తయారుచేసుకోవాల్సింది పెద్దగా ఉండేది కాదు. చైనాలో పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చే వేళకు అమెరికాలో ఇంకా తెల్లవారదు. ఆ వేళకు లేచి రెండు మూడు గంటలు పాఠాలు చెప్పి, ఆ తర్వాత సొంత ఉద్యోగానికి వెళ్లిన టీచర్లు అక్కడ ఎందరో. పదుల వేల మందికి అది నిలకడైన ఆదాయంగా ఉండేది. 2021 జూలైలో చైనా ప్రభుత్వం పిల్లలపై హోంవర్కు, ట్యూషన్ల భారం తగ్గించే విధానం తెచ్చింది. విదేశాల్లో ఉన్న టీచర్లతో చైనా పిల్లలకు పాఠాలు చెప్పించడాన్ని అందులోనే నిషేధించింది. మరుసటి నెలలోనే వీఐపీకిడ్ విదేశీ టీచర్ల కొత్త ప్యాకేజీల అమ్మకం ఆపేసింది. బైట్‌డాన్స్ నడిపిన గోగోకిడ్ మూతపడింది. ఫిలిప్పీన్స్ టీచర్లతో 2011లో మొదలైన ఫిఫ్టీ వన్ టాక్ చైనా మార్కెట్టును వదిలి ఇతర దేశాల వైపు మళ్లింది.

ఆ టీచర్లు తప్పుగా పాఠం చెప్పి ఉద్యోగం పోగొట్టుకోలేదు. కానీ వాళ్లు ఏళ్ల తరబడి నేర్పిన పిల్లల చిరునామాలు వాళ్ల దగ్గర లేవు, వాడిన పాఠాలు వాళ్లవి కావు, సంపాదించుకున్న రేటింగ్ ఆ వెబ్‌సైట్ బయట చెల్లదు. కంపెనీ తరహా వేదికలో ఈ లోటు ఎప్పుడూ ఉంటుంది. అలాగని దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. 25 నిమిషాల్లో పాఠాన్ని మొదలుపెట్టి ముగించడం, కెమెరా ముందు పిల్లవాడి దృష్టి చెదరకుండా చూసుకోవడం, తక్కువ మాటల్లో చెప్పి ఎక్కువ మాట్లాడించడం అక్కడ బాగా అలవడతాయి. కొత్త టీచరుకు ఒక ఏడాది కంపెనీలో చేయడం మంచి శిక్షణే. దాన్నే జీవనాధారం చేసుకుంటేనే ప్రమాదం.

కంపెనీల గడప దగ్గరే మన టీచర్లకు ఎదురయ్యే అడ్డంకి మరొకటుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే కావాలనే షరతు. వీఐపీకిడ్ ఉత్తర అమెరికా టీచర్లనే తీసుకునేది. నిమిషాల లెక్కన డబ్బిచ్చే కాంబ్లీ కూడా మాతృభాషీయుల పేరు మీదే పెరిగింది. ఈ షరతుకు బోధనలో ఆధారం లేదు, ఉన్నదల్లా అమ్మకంలోనే. జపాన్ అనుభవమే దానికి రుజువు. 2007లో మొదలైన రేర్‌జాబ్, 2013లో వచ్చిన డీఎంఎం ఎయికైవా చాలావరకు ఫిలిప్పీన్స్ టీచర్ల బలంతో నిలబడ్డాయి. అక్కడి టీచర్లకు ఇంగ్లిష్ బడిలో నేర్చుకున్న భాష, ఇంటి భాష వేరు. అయినా లక్షల మంది జపాన్ ఉద్యోగులు వాళ్ల దగ్గరే మాట్లాడటం నేర్చుకున్నారు. కాబట్టి షరతు చూసి తమకు అర్హత లేదనుకోవడం కంటే, ఆ షరతు లేని వేదికను వెతుక్కోవడం సరైన పని.

సంత తరహా వేదికల్లో ఆ వెసులుబాటు దొరుకుతుంది. ఇటాకీ 2007లో, ప్రెప్లీ 2012లో మొదలయ్యాయి. రెంటిలోనూ ఏ దేశం టీచరైనా ప్రొఫైలు పెట్టుకోవచ్చు, ధర తానే నిర్ణయించుకోవచ్చు. తేడా అంతా కమిషన్‌లో ఉంది. ఇటాకీ చాలాకాలం 15 శాతం దగ్గర నడిచింది. ప్రెప్లీ నిబంధనల్లో మొదటి ట్రయల్ క్లాసు ఫీజు మొత్తం వేదికకే పోతుంది. ఆ తర్వాత 33 శాతం. చెప్పిన గంటలు పెరిగేకొద్దీ మెట్లుమెట్లుగా తగ్గి, 400 గంటలు దాటాక 18 శాతానికి దిగుతుంది. ఈ అంకెలు చదవడం తేలికే, వాటి అసలు బరువు లెక్క కడితే తెలుస్తుంది. ఒక టీచరు క్లాసుకు 10 డాలర్లు పెట్టారనుకుందాం. విద్యార్థి ట్రయల్ తీసుకుని, తర్వాత నాలుగు క్లాసులు చేసి మానేశాడు. టీచరు చెప్పినవి అయిదు క్లాసులు, చేతికి వచ్చింది 26 డాలర్ల 80 సెంట్లు. అంటే క్లాసుకు 5 డాలర్ల 36 సెంట్లు. ట్రయల్‌తోనే వెళ్లిపోయినవాళ్లను, తయారీకి పట్టిన సమయాన్ని కలిపితే ఇంకా తగ్గుతుంది. అదే విద్యార్థి ఏడాది నిలిస్తే ఆ ట్రయల్ ఖర్చు కనిపించదు. అందుకని సంతలో ధర కంటే నిలకడే ముఖ్యం. చౌక ధర పెట్టి వారానికి పదిమంది కొత్తవాళ్లను రప్పించుకునే టీచరు కంటే, సరైన ధర పెట్టి నలుగురిని నిలుపుకునే టీచరే చివరికి బాగుపడతారు.

రేటింగ్ గురించి ఒక మాట. నక్షత్రాలు ఇచ్చేది విద్యార్థి. తప్పులు దిద్దకుండా నవ్వుతూ కబుర్లు చెప్పే క్లాసుకు నక్షత్రాలు తేలిగ్గా పడతాయి, ఆపి మళ్లీ చెప్పించే క్లాసుకు పడవు. దీనికి లొంగి దిద్దడం మానేసిన టీచరు పని సగం పోయినట్టే. మాట్లాడుతున్నప్పుడు ఆపకుండా తప్పులు రాసిపెట్టుకుని, ఆఖరి అయిదు నిమిషాల్లో రెండు మూడింటిని మాత్రం చూపించి దిద్దితే విద్యార్థి నొచ్చుకోడు, నేర్చుకుంటాడు కూడా.

సొంతంగా నడుపుకునే క్లాసులో కమిషన్ లేదు, విద్యార్థి టీచరు పేరు చూసే వస్తాడు. కాకపోతే రప్పించుకోవడం, ఫీజు అడగడం, పాఠం తయారీ అన్నీ టీచరు నెత్తినే. పనిముట్ల సంగతి చూస్తే, జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు తెగిపోతుంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు, ఇద్దరే ఉంటే ఆ గొడవ లేదు. నిమిషాలు మాత్రమే చూస్తే మీట్ మేలు. కానీ స్పోకెన్ ఇంగ్లిష్ టీచరు చూడాల్సింది విద్యార్థులను చిన్న గదులుగా విడదీసే వసతి ఉందా అన్నది. జూమ్ ఉచిత ఖాతాలో ఆ బ్రేకౌట్ రూములు ఉన్నాయి, మీట్‌లో డబ్బు కడితేనే వస్తాయి.

అదెందుకంత ముఖ్యమంటే, మాట్లాడటం మాట్లాడితేనే వస్తుంది. గంట క్లాసులో పన్నెండు మంది ఉన్నారనుకుందాం. టీచరు 24 నిమిషాలు తీసుకుంటే మిగిలేది 36. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే ఒక్కొక్కరి వాటా మూడు నిమిషాలు, తక్కిన సమయమంతా వినడమే. అదే 36 నిమిషాలు ఇద్దరిద్దరిని ఒక్కో గదిలో పెడితే ఒక్కొక్కరికి 18 నిమిషాలు దక్కుతాయి. టీచరు గది నుంచి గదికి తిరుగుతూ వింటే చాలు. వందమందిని ఒకే తెర మీద కూర్చోబెట్టి గంటసేపు గ్రామర్ చెప్పడాన్ని స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు అనకూడదు. యూట్యూబ్ పాఠాలకూ ఇదే వర్తిస్తుంది. టీచరు పేరు నలుగురికీ తెలియడానికి అవి పనికొస్తాయి, విద్యార్థి నోరు తెరవడానికి పనికిరావు.

తెలుగువాళ్లకు నేర్పాలనుకునే తెలుగు టీచరుకు ఈ మూడో తరహాయే బాగా నప్పుతుంది. మాతృభాష ఎక్కడ కాళ్లకు అడ్డం పడుతుందో ఆ టీచరుకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. తెలుగులో ఏ, ద లాంటి ఆర్టికల్స్ లేవు కాబట్టి విద్యార్థి వాటిని వదిలేస్తాడు. క్రియ వాక్యం చివర రావడం అలవాటు కాబట్టి మనసులో వాక్యం మొత్తం కూర్చుకునేదాకా నోరు విప్పడు. ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ అంటాడు. జీరోను జెడ్ ధ్వనితో కాక మన జ తో పలుకుతాడు, హల్లుతో ముగిసే మాటకు చివర ఉకారం చేరుస్తాడు. ఇవన్నీ ముందే ఊహించగల టీచరు మూడు నెలల పనిని ఆరు వారాల్లో చేయగలరు. ఇంటర్వ్యూకు వెళ్లే డిగ్రీ కుర్రాళ్లు, విదేశీ ఉద్యోగం కోసం ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ రాసే నర్సులు, పిల్లల స్కూల్లో టీచర్లతో మాట్లాడటానికి జంకే తల్లులు, భర్త ఉద్యోగం వల్ల అమెరికాలో స్థిరపడిన గృహిణులు, వీళ్లందరికీ కావలసింది ఇలాంటి టీచరే.

వేదికతో పాటు గడియారాన్ని కూడా ఎంచుకుంటున్నామని మరవకూడదు. జపాన్‌లో రాత్రి ఎనిమిదంటే మనకు సాయంత్రం నాలుగున్నర, హాయిగా చెప్పుకోవచ్చు. సౌదీలో రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదిన్నర. బ్రెజిల్‌లోని సావో పాలోలో రాత్రి ఏడంటే మనకు తెల్లవారుజామున మూడున్నర, అది నెలల తరబడి నడిచే వ్యవహారం కాదు. డాలస్‌లో ఉదయం తొమ్మిది మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. మార్చిలో, నవంబరులో అక్కడ గడియారాలు మారినప్పుడు క్లాసు తప్పిపోకుండా ముందే చెప్పుకోవాలి. కరెంటు పోతే వైఫై ఆగకుండా రూటరుకు చిన్న బ్యాటరీ, ఫోన్‌లో వేరే కంపెనీ డేటా ఉంచుకోవడం కెమెరా కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

అర్హత పత్రాల విషయంలో తొందర పడి మోసపోయేవాళ్లు ఎక్కువ. కేంబ్రిడ్జ్ ఇచ్చే సెల్టా కోర్సు కనీసం 120 గంటలు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెబుతుండగా శిక్షకులు చూసి అంచనా వేస్తారు. శిక్షకుడు ఒక్క క్లాసు కూడా చూడకుండా వారాంతంలో చేతికొచ్చే చవక సర్టిఫికెట్ మీద కూడా 120 గంటలనే రాసి ఉంటుంది. ప్రొఫైల్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, క్లాసులో అలా కనిపించవు. డబ్బు పెట్టాల్సి వస్తే ఎవరైనా మన పాఠం చూసి దిద్దే కోర్సుకే పెట్టాలి. 1958లో మొదలై ఇప్పుడు ఇఫ్లూగా (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా) ఉన్న సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఇంగ్లిష్ బోధనలో అక్కడి కోర్సుల వివరాలు చూడకుండా ఇంటర్నెట్ ప్రకటనకు డబ్బు కట్టడం అనవసరం.

ఇక డబ్బు చేతికందడం. విదేశీ వేదికలు పేయొనీర్, పేపాల్, వైజ్ లాంటి దారుల్లో చెల్లిస్తాయి. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది, బయటి నుంచి వచ్చేవాటికే పనికొస్తుంది. డాలరు రూపాయిగా మారేటప్పుడు పోయే భాగాన్ని కూడా కమిషన్‌తో కలిపి చూడాలి. ఆ ఆదాయం ఆదాయపు పన్ను లెక్కలో చూపించాల్సిందే. వేదికలో దొరికిన విద్యార్థిని బయటకు పిలిచి చెబితే ఖాతా మూసేస్తామని చాలా వేదికల నిబంధనల్లో ఉంటుంది, ఒప్పుకుని చేరినప్పుడు దాన్ని పాటించడమే మర్యాద. సొంత విద్యార్థులు కావాలంటే సొంత బ్యాచ్ విడిగా పెట్టుకోవాలి. పిల్లల క్లాసుల్లో మరో జాగ్రత్త అవసరం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పిల్లల క్లాసు రికార్డు చేసే టీచర్లు ఆ అనుమతిని మొదటిరోజే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏ పిల్లవాడి వీడియోనూ ప్రచారం కోసం బయట పెట్టకండి.